నెమలి ఓడ దిగేలోగా

"ఓడ నాలుగింటికి రేవుకొస్తుంది. అప్పటికి సేఫ్ హౌస్‌లోని ఆ మిషన్ నోరు విప్పకపోతే నెమలిని కాల్చేస్తారు."

పెద్దాయన ఫోన్లో ఈ ముక్క వాతావరణ వార్త చదివినంత చల్లగా చెప్పాడు. తాబేలు మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాడు. సీక్రెట్ సర్వీసులో ఆ మారుపేరుతోనే జుట్టు నెరిసినవాడు. ముందురోజే ఒక రహస్య పని ముగించుకుని ఇల్లు చేరాడు. కంటిమీద కునుకు పడి ఎన్నాళ్లయిందో వాడికే గుర్తు లేదు.

"ఎవరు కాలుస్తారు సార్? ముఠావాళ్లా?"

"మనవాళ్లే."

నూనె సీసా మూత పెట్టకుండానే లేచాడు తాబేలు.

పెద్దాయన బ్రీఫింగ్ ఎప్పుడూ తుంచి తుంచి పెట్టినట్టుంటుంది. ఒక విదేశీ ముఠా. రేవు కరెంటు గ్రిడ్ మొత్తాన్ని ఆర్పేసే పరికరం ఒకటి ఆ ఓడలో వస్తోంది. మోసుకొచ్చేవాడు ఎవరో తెలియదు. తెలిసింది నెమలి ఒక్కదానికే. రెండేళ్లుగా ముఠాలో మకాం వేసిన మన డబుల్ ఏజెంట్ ఆవిడ. వాడెవరో సైఫర్‌లో, అంటే రహస్య లిపిలో పంపుతుంది. దాన్ని విప్పగలిగింది సేఫ్ హౌస్‌లో ఉన్న లినక్స్ సర్వర్ ఒక్కటే.

"మొన్న ఆవిడే కబురు పెట్టింది. మన సందేశాలు విప్పే సైఫర్ లైబ్రరీ ఫైలులో కన్నం ఉందట, ముఠాకు తెలిసిపోయిందట, వెంటనే అప్‌గ్రేడ్ చెయ్యమంది. చేశాం. మిషన్ చచ్చింది. ఇంకా అర్థం కాలేదా? ఆవిడ ముఠా వైపు తిరిగిపోయింది. పరికరం ఆవిడ దగ్గరే ఉందని పైవాళ్ల నమ్మకం."

"నేను పని నేర్పిన పిల్ల సార్ అది. అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి."

"డబుల్ ఏజెంట్‌కి చెవులు ఎర్రబడటమేంటయ్యా?"

"అందుకే జుట్టు వదిలేసుకుని తిరుగుతుంది."

వెంటనే సేఫ్ హౌస్‌కు రమ్మని పెద్దాయన ఫోన్ పెట్టేశాడు.

సేఫ్ హౌస్ ఒక డ్రైక్లీనింగ్ షాపు పైన ఉంది. మెట్ల నిండా వేడి ఆవిరి, సబ్బు వాసన. తాబేలు ఫ్రిజ్ మెకానిక్ వేషంలో వెళ్లాడు. చేతికి విషపు సూదులు వదిలే గడియారం ఉంది గానీ అది టైమే సరిగా చూపించదు. ఇస్త్రీ బల్ల దగ్గర ఉన్నాయన తలెత్తకుండానే అడిగాడు.

"ఏం ఫ్రిజ్?"

"చల్లబడనిది."

"పైకెళ్లు."

ఆ మెట్లు కట్టినవాడికి మోకాళ్లనేవి లేవనుకుంటా. ఒక్కో మెట్టుకూ ఒక్కో తిట్టు తిట్టుకుంటూ ఎక్కాడు తాబేలు. గదిలో పెద్దాయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. కుర్చీలో ఆపరేటరు, నలభై దాటిన భారీ మనిషి, చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. బల్లమీద ఫోన్ స్పీకర్‌లో రేవు గోల వినిపిస్తోంది. ఆ లైన్ అవతల ఒక గోదాము కప్పు మీద గురికాడు రైఫిల్ పెట్టుకుని పడుకుని ఉన్నాడు.

"ఓడ కనిపిస్తోంది," అన్నాడు గురికాడు.

తాబేలు స్క్రీన్ చూశాడు. కెర్నెల్ ప్యానిక్, అంటే లినక్స్ గుండె ఆగిపోయింది. అసలు డిస్కునే తెరవలేకపోయానని చెప్పి అక్కడే కూలబడింది మిషన్.

"పొద్దున్నుంచీ ఆపుతున్నా, వేస్తున్నా. ఇదే ఏడుపన్నా," అన్నాడు ఆపరేటరు.

"పాత కెర్నెల్‌తో చూశావా?"

"మిషన్ లేచేటప్పుడు ఆ మెనూ రావడం లేదు కదా. శత్రువు కంట పడకూడదని సార్ దాచెయ్యమన్నారు."

తాబేలు ఒక నిట్టూర్పు విడిచి, మిషన్ ఆపి మళ్లీ వేసి షిఫ్ట్ మీట నొక్కి పట్టుకున్నాడు. దాచిన మెనూ బయటికొచ్చింది. అందులో అప్‌గ్రేడ్‌కు ముందున్న కెర్నెల్ ఇంకా ఉంది. దాన్ని ఎంచుకున్నాడు. గడగడా అక్షరాలు పరిగెత్తి, లాగిన్ అడిగింది.

"చూశారా సార్, బతికే ఉంది. కొత్త కెర్నెల్ దిగింది గానీ, డిస్కు తెరిచే డ్రైవర్లు మోసుకొచ్చే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ తయారవలేదు. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు వేసుకున్నట్టయింది దాని పని."

"అంటే ఎవరో తయారుకానివ్వలేదు," అన్నాడు పెద్దాయన.

ఈలోగా సర్వర్ కీచుమంది. ఓడ నుంచి సందేశం వచ్చేసింది. ఆపరేటరు ఆత్రంగా సైఫర్ ప్రోగ్రాం నడిపాడు. లైబ్రరీ ఫైల్ దొరకలేదని ఒక్క ముక్క చెప్పి ఆగిపోయింది. అతను ఆగకుండా ఏళ్ల కిందట మిగిలిపోయిన పాత వెర్షన్ ఫైలుకు కొత్త పేరు తగిలిస్తూ ఒక లింక్ పెట్టి మళ్లీ నడిపాడు. ఈసారి ఆ ముక్క కూడా చెప్పకుండా క్రాష్ అయింది.

"పేరు మార్చినంత మాత్రాన మనిషి మారతాడా? తియ్యి ఆ లింకు," అన్నాడు తాబేలు. వాడికి కోపం రాలేదు. కోపానికి కూడా ఓపిక కావాలి.

"విధ్వంసం!" పెద్దాయన గొంతు లేచింది. "నేను చెప్పలా? లైబ్రరీనే మాయం చేసింది!"

"ఓడ ఆగింది. మెట్లు వేస్తున్నారు," అన్నాడు గురికాడు.

తాబేలు సాఫ్ట్‌వేర్ ఎక్కించే ప్రోగ్రాం, ప్యాకేజ్ మేనేజర్‌ను పలకరించాడు. అది దాపరికం లేకుండా చెప్పేసింది. నా పని మధ్యలో ఆగిపోయింది, ముందు దాన్ని పూర్తి చెయ్యండి అని.

తాబేలు కుర్చీలో వెనక్కి వాలాడు. లైబ్రరీని ఎవరూ దొంగిలించలేదు. పాతది తీసి కొత్తది పెట్టే సందులో మిషన్ ప్రాణం పోయింది.

"అప్‌గ్రేడ్ జరుగుతున్నప్పుడు ఎక్కడున్నావు?"

ఆపరేటరు ఒంటికి అంటిన చొక్కా లాక్కున్నాడు. "టీ తాగొద్దామని కిందికెళ్లానన్నా. వచ్చేసరికి మిషన్ ఆరిపోయి ఉంది. కరెంటు పోయిందనుకున్నా."

"కింద ఇస్త్రీ పెట్టెలు ఆరిపోయాయా?"

"లేదు... నడుస్తూనే ఉన్నాయి."

తాబేలు గోడ వైపు చూశాడు. ప్లగ్ పైన ఒక నోటీసు: 'ఖాళీ గదిలో మిషన్ నడవరాదు. చూసినవారు తక్షణం ప్లగ్ పీకవలెను.' కింద పెద్దాయన సంతకం. స్క్రీన్ లాక్‌ను ఆయన జన్మలో నమ్మలేదు. వచ్చిన ప్రతి గదిలోనూ ముందు ప్లగ్గులే చూస్తాడు.

"సార్, ఆ టైములో మీరేమైనా ఇటొచ్చారా?"

పెద్దాయన చూపు నోటీసు కింద తన సంతకం మీద పడింది. ఆ మొహంలో రక్తం ఇంకిపోవడం తాబేలు మొదటిసారి చూశాడు.

"ఆకుపచ్చ స్కార్ఫ్. నల్ల కళ్లద్దాలు. జుట్టు వదిలేసింది," అన్నాడు గురికాడు. "పై మెట్టు మీదుంది. గురి కుదిరింది."

"ఆపమనండి సార్!"

"పైవాళ్ల ఆర్డరయ్యా. సందేశం విప్పితే తప్ప నా మాట చెల్లదు." పెద్దాయన కుర్చీ మీదికి వంగాడు. "తొందరగా కానీ, నీకు పుణ్యముంటుంది."

డౌన్‌లోడ్ అయిన ప్యాకేజీ డిస్కులోనే పడి ఉంది. తాబేలు దాన్ని మళ్లీ ఇన్‌స్టాల్ చేశాడు. మిగిలినవన్నీ కాన్ఫిగర్ చెయ్యమని కమాండ్ కొట్టాడు. వరసలు నింపాదిగా పాకుతున్నాయి. నా తల్లీ, నా బంగారుకొండా, కాస్త కదలవే అని బతిమాలుకున్నాడు. ప్రాక్టీసులో గోడ దూకి పడి, ఏడుపు ఆపుకుంటూ 'బాబాయ్, ఇంకోసారి దూకుతా' అన్న పిల్ల కళ్లముందు మెదిలింది.

"సగం మెట్లు దిగింది. ఇక ఆగలేను. కాలుస్తున్నా."

వరసలు ఆగాయి. తాబేలు ప్రోగ్రాం నడిపాడు. స్క్రీన్ మీద ఒకే వాక్యం వచ్చింది.

'ఓడ డాక్టరు. మందుల పెట్టె అడుగున.'

"కాల్చొద్దు!" పెద్దాయన ఫోన్ మీద పడిపోయి అరిచాడు. "కాల్చొద్దు! డాక్టర్ని పట్టుకోండి, డాక్టర్ని!"

స్పీకర్‌లో పరుగులు, ఈలలు, ఏదో బరువుగా కిందపడిన చప్పుడు. తర్వాత గురికాడి గొంతు నెమ్మదిగా వినిపించింది.

"పెట్టె దొరికింది. ఆవిడ క్షేమం. నా వేలు ఇంకా ట్రిగ్గర్ మీదే ఉంది సార్, తియ్యడానికి రావట్లేదు."

ఆపరేటరు రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చేశాడు. తాబేలుకు ఏడవాలని ఉంది గానీ అంత ఓపిక లేదు. కళ్లు నులుముకుని, కొత్త కెర్నెల్‌కు కూడా ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ తయారైందో లేదో చూశాడు. తయారైంది.

కాసేపటికి నెమలి ఎవరి ఫోన్ నుంచో లైన్లోకొచ్చింది.

"బాబాయ్! నువ్వా అక్కడ? జవాబుకింత ఆలస్యమేంటి? మిషన్‌కేమైంది?"

తాబేలు పెద్దాయన వైపు చూశాడు. ఆయన చెప్పకపోతే తనే చెప్పేద్దామనుకున్నాడు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అమ్మా, అప్‌గ్రేడ్ మధ్యలో ప్లగ్ పీకింది నేను. నువ్వు మోసం చేశావని పైకి రిపోర్టు రాసిందీ నేనే. మెట్ల మీద నీ గుండెకు గురిపెట్టించాను."

రేవు గోలలో ఓడ కూత ఒకటి వినిపించింది.

"రెండేళ్లు ముఠా వాళ్లతో కలిసి తిన్నాను సార్," అంది నెమలి. "పాపం, వాళ్లు నన్నొక్కసారి కూడా అనుమానించలేదు."