కదలని ముల్లు

డాక్టర్ బాలస్వామిని కోల్డ్ రూమ్‌లోనే తుపాకీతో కాల్చేశారు.

దీవిలో డైరీ ఫార్మ్ అనే పేటలోని ఆ చిన్న లేబరేటరీకి మెకానిక్ వేషంలో వచ్చిన ఏజెంట్ యేసురాజు, శవం మీది దుప్పటి ఎత్తి చూసి మళ్లీ కప్పాడు. చిన్నప్పుడు మిడిల్ పాయింట్ చర్చిలో ఇద్దరూ పక్కపక్కన నిలబడి కీర్తనలు పాడినవాళ్లు. ఏడవడానికి టైము లేదు.

ఉదయం వైర్‌లెస్‌లో చీఫ్ చెప్పింది ఇంతే: "విశాఖ వెళ్లే ఓడ మంచినీళ్ల ట్యాంకులో విదేశీ ముఠా విషం కలిపిందని అనుమానం. ఓడ నిండా నేవీ కుటుంబాలు. రుజువు లేనిదే ఆపలేం. ఆ విషాన్ని పట్టగలిగేది బాలస్వామి ఎంజైమ్ ఒక్కటే."

జీవకణం ఊపిరి పీల్చేది ఆ ఎంజైమ్ వల్లనే. బాలస్వామి ఈస్టును గాజుపూసలతో నలగ్గొట్టి, అందులోని మైటోకాండ్రియాను సెంట్రిఫ్యూజ్‌లో విడదీసి, కాలమ్ అనే గాజు గొట్టంలో పదే పదే వడగట్టి దాన్ని శుద్ధి చేశాడు. హంతకులకు దొరక్కుండా ఐస్ డబ్బా అడుగున ఒక్క సీసా మిగిలింది. ఎంజైమ్ పనిచేస్తే మీటర్ ముల్లు దిగుతుంది. విషం తగిలితే నిలిచిపోతుంది.

డాక్టర్ అసిస్టెంట్ పుష్పవతి ముఠాలో చేరినట్టు నటిస్తూ చీఫ్‌కు కబుర్లు అందించే మనిషి. సిల్కు చీర, ఎర్రటి లిప్‌స్టిక్, వణకని చెయ్యి. యేసురాజు ఓడ నుంచి తెచ్చిన నీళ్లను ఎంజైమ్‌లో కలిపి స్విచ్ వేసింది.

ముల్లు కదల్లేదు.

"ఎంజైమ్ ఖరాబ్ అయిపోనాది భయ్యా. బరఫ్ కరిగిపోయింది కదా. నీళ్లు మంచివే, ఓడని ఎల్లనీ," అంటూ సీసాలో మిగిలింది సింకులో ఒంపబోయింది.

యేసురాజు ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "ఆగు దీదీ. దీన్లో మన కుళాయి నీళ్లు కలుపు."

ఆమె కలపలేదు. అతనే కలిపాడు. ముల్లు నెమ్మదిగా, ఆగకుండా దిగింది.

ఎంజైమ్ బతికే ఉంది. విషం ఓడ నీళ్లలోనే ఉంది.

"డాక్టర్‌ని నువ్వే చంపేవా?"

"నన్ను కూతురా అనే పిలిచేవోడు," అంది పుష్పవతి. "అయినా చంపేను."

జెట్టీ వైపు నుంచి ఓడ కూత వినిపించింది. యేసురాజు టూల్‌బాక్సులోని రేడియో అందుకుని తన కోడ్ పేరు చెప్పాడు. "పగడం మాట్లాడుతున్నాను. ఓడ ఆపు. ఎవరూ నీళ్లు ముట్టకూడదు."

"తాడు ఇప్పేస్తన్నారు సాబ్," జెట్టీలో కాపలా ఉన్న యర్రయ్య గొంతు. పరుగు, కేకలు, గ్లాసు పగిలిన చప్పుడు. తర్వాత రొప్పుతూ, "ఆపేను సాబ్. కేప్టెన్ నోటికాడ గ్లాసు లాగేసేను."

యేసురాజు వెనక్కి తిరిగేసరికి పుష్పవతి విషం దాచిన ఉంగరం కొరికేసింది. కిటికీలోంచి సముద్రపు గాలి గదంతా నిండుతోంది. ఆమె ఆ గాలి కోసం నోరు తెరిచి, నేల మీద కొట్టుకుని చనిపోయింది.

అతను జెట్టీకి వెళ్లేసరికి ప్రయాణికులు ఓడ కదలనందుకు, గుక్కెడు నీళ్లయినా ఇవ్వనందుకు మండిపడుతున్నారు.

"మనల్ని అమ్మనా బూతులు తిడతన్నారు సాబ్," అన్నాడు యర్రయ్య.

"తిట్టనీ," అన్నాడు యేసురాజు. "ఊపిరున్నోళ్లే కదా తిట్టేది."