తాబేలు బొమ్మకి మొదటి బహుమతి

"సముద్రం ఎప్పుడైనా సూసారేటి మాస్టారూ?"

పుష్పవతి నాతో అన్న మొదటి మాట అదే. నక్కపల్లి అవతల, తీరంలో వాళ్ల పల్లె. అక్కడి పిల్లలకి ట్యూషన్ చెబుతుంది. నేను ధర్మతేజని, నర్సీపట్నంలో డ్రాయింగ్ మాస్టారిని. ఆ పిల్లల చేత సముద్రాన్నీ, అందులోని జీవాల్నీ గీయించి మా ఊళ్లో బహుమతులతో చిత్రోత్సవం పెడదామని ఓ ఆదివారం రంగుల పెట్టెలు మోసుకుని వెళ్లాను.

"ఎందుకు చూడలేదు? నీలంగా ఉంటుంది."

"పొద్దున్న మట్టి రంగు, మజ్జాన్నం పచ్చ. మీ నీలం ఫోన్లో ఉంటాది."

పిల్లలు గొల్లుమన్నారు. నాకు చచ్చేంత కోపం వచ్చింది. మళ్లీ ఆదివారం ఎప్పుడొస్తుందా అని వేళ్లు లెక్కపెట్టుకున్నదీ నేనే.

మూడో ఆదివారం వాన పట్టుకుంది. బొమ్మలు తడవకుండా ఇద్దరం ఒకే టార్పాలిన్ పట్టుకుని నిలబడ్డాం.

"ఉత్సవం అయ్యాక మీ నాన్నగారితో మాట్లాడనా?"

"ఏటి మాట్లాడతారు?"

"నీకు తెలీదా?"

"తెలీదు. సెప్పండి." కళ్లు మాత్రం నవ్వుతున్నాయి.

చెప్పాను. "అయితే బేగి రండి, ఆలీసం సేయకండి" అంది.

ఉత్సవం ముందురోజు నర్సీపట్నంలో బొమ్మలు తగిలిస్తుంటే, పుష్పవతి తన చెల్లెలి బొమ్మ దగ్గర ఆగిపోయింది. చిట్టితల్లికి తొమ్మిదేళ్లు. వలలో చిక్కిన తాబేలు, దాని తల మీద తెడ్డుతో కొడుతున్న మనిషి, వెనక బోటు. బోటు మీద నంబరు. ఆ పల్లె పిల్లలకి నంబరు లేని బోటు ముఖం లేని మనిషితో సమానం.

"మా నాన్న బోటిది. వల తెగిపోద్దని కొట్టేసాడు. ఆ నంబరు మీద రంగేసేయండి మాస్టారూ. తాబేలుని సంపడం నేరం, ఎవులైనా సూస్తే బోటు పట్టుకుపోతారు."

"నేను చూసుకుంటాలే" అన్నాను.

నిజంగానే బ్రష్ తీశాను. కానీ అంత బొమ్మ నేను కూడా ఎప్పుడూ గీయలేదు. పాడుచేయడానికి చెయ్యి రాలేదు. కళ మీద ప్రేమ అని నాకు నేను చెప్పుకున్నాను. కాదు. బహుమతి తెప్పించిన మాస్టారు అనిపించుకోవాలన్న యావ.

మొదటి బహుమతి వచ్చింది. చిట్టితల్లి బొమ్మ పట్టుకుంటే, పక్కన నేను పళ్లికిలించిన ఫోటో పేపర్లో పడింది. నంబరు స్పష్టంగా కనిపించింది. నాలుగో రోజున అటవీశాఖ అధికారులు వచ్చి బోటు పట్టుకెళ్లారు, వాళ్ల నాన్న లోవరాజు గారి మీద కేసు రాశారు.

వెళ్లాను. ఆయన ఇంట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

"తప్పు నాదే బాబూ. నోరు లేని జీవిని కొట్టకుండా ఉండాల్సింది. పాప ఉన్నదున్నట్టు గీసింది."

తిట్టినా బాగుండేది. చిట్టితల్లి తలుపు చాటు నుంచి రాలేదు. నాన్న బోటు తనవల్లే పోయిందని రంగులన్నీ పారేసిందట.

పుష్పవతి ఒడ్డున ఉంది.

"మీ నాన్నగారు నన్నేమీ అనలేదు పుష్పా."

"నాన్న తప్పుకి నాన్న బోటు పోయింది. అది నాయమే. సిట్టి ఏటి తప్పు సేసింది?"

"పొరపాటైంది. నువ్వంటే నాకు ప్రాణం."

"మీరంటే నాకూ ఇష్టమే. ఇప్పుడు కూడా. కానీ ఒక్క నంబరు మీద రంగెయ్యలేనోళ్లు, రేపు నా కోసం ఏటి వదులుకుంటారు మాస్టారూ?"

నోటికొచ్చినవన్నీ అబద్ధాలే.

నర్సీపట్నం బస్సుకి టైమైందని ఆమే గుర్తుచేసింది.