మూగొర్రె దాటిన పికప్పు

కోనరావుపేట దాటి అడవి అంచు పట్టుకొని గంభీరావుపేట వైపు పోతుంటే ఒక ఒర్రె, అంటే చిన్న వాగు, అడ్డం వస్తుంది. పేరు మూగొర్రె. ఒర్రె మూగదేం కాదు, వానలు పడితే ఊరంతా వినపడేలా మోత పెడుతుంది. దాటేవాళ్లే మూగవాళ్లు కావాలి.

పొద్దుగూకాక ఆ ఇసుకలో కాలు పెడితే, అవతలి ఒడ్డు ఎక్కేదాకా నోరు విప్పకూడదు. విప్పితే... ఎవరో బదులు పలుకుతారట.

ఎప్పుడో ఒక పెళ్లి కచ్చురం బండి అక్కడ దిగబడిందట. ఎడ్లు విప్పుకొని మగవాళ్లు సాయానికి పోతే, పెళ్లికూతురు ఒక్కతే చీకట్లో కూర్చొని "ఎవరన్న ఉన్నరా?" అని పిలిచి పిలిచి అలిసిపోయిందట. తెల్లవారి చూస్తే కచ్చురం ఉంది, ఆమె లేదు. అప్పటినుంచి అక్కడ ఎవరు మాట్లాడినా ఆమె పలుకుతుంది. పలికి ఊరుకుంటే బాగుండు — బండిని వెనుక నుంచి పట్టుకుంటుందట.

నేను సిరిసిల్లలో మరమగ్గాల మోత మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. ఆ మోతలో దెయ్యం వచ్చి చెవి దగ్గర అరిచినా వినపడదు, కాబట్టి దెయ్యాలతో నాకు పరిచయం తక్కువ. ఇప్పుడు కోరుట్లలో బండ్ల కరెంటు పనుల షెడ్డు నడుపుతున్నాను. ఈ కథ నాకు వీరేందర్ చెప్పాడు. వాడు చెప్పినట్టే చెబుతాను. వాడు ఎక్కడ కోతలు కోశాడో, ఎక్కడ నిజం చెప్పాడో మీరే తేల్చుకోండి.

వీరేందర్‌ది కల్లు గీసే ఇల్లు. తండ్రి మోకు ముత్తాదు కట్టి చెట్లెక్కాడు, కొడుకు స్టీరింగ్ పట్టాడు. ఒక పాత పికప్పు కొని, ఊళ్ల నుంచి పసుపు, మక్కలు మెట్‌పల్లి మార్కెట్‌కు వేసేవాడు. బండి బాగానే నడిచేది. కానీ వీడు ఫోన్‌లో వీడియోలు చూశాడు. ఎక్కడో ఎడారిలో, కొండల్లో పికప్పులు కప్పల్లా ఎగురుతుంటే చూసి వీడికి నిద్ర పట్టలేదు. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికి ఒకడు. వీడు రోకలి బదులు బండిని నా షెడ్డుకు తెచ్చాడు.

కమాన్ పట్టీలు పెంచి బండిని పైకి లేపించాడు. పెద్ద పెద్ద గళ్ల టైర్లు వేయించాడు. నీళ్లలో మునిగినా ఇంజనుకు ఊపిరాడాలని బానెట్ పక్క నుంచి ఏనుగు తొండంలాంటి నల్ల గొట్టం పైకి పెట్టించాడు. నెత్తిమీద నేను బిగించిన లైట్ల పట్టీ. ముందు బంపర్‌కు విన్చి — అంటే బటన్ నొక్కితే తాడు చుట్టుకుంటూ బండిని లాగే మోటారు. వెనుక అద్దం నిండా పులి బొమ్మ. ఆఖరికి బరువు తగ్గాలని ట్రాలీని వెనుక మూసే రేకు తలుపు, డాల, కూడా విప్పి నా షెడ్డు మూలకు పడేశాడు.

"బరువు తగ్గితె బండి ఎగురతదే మనోహరన్నా!" అన్నాడు.

వాడి భార్య అనూష అప్పుడే అన్నం డబ్బా పట్టుకొని వచ్చింది. బండిని కింది నుంచి పైదాకా చూసింది. చూసి, నవ్వలేదు, తిట్టలేదు. అదే భయం వేసింది నాకు.

"దీంట్ల పసుపు బస్తా ఎక్కియ్యాలంటె నిచ్చెన గావాలె" అంది. "సరే, నీ సరదా నేనెందుకు కాదంట? ఆదివారం మా అవ్వగారింటికి పోదాం. మూగొర్రె మీదికెల్లి. ఒక్కపారి... ఒక్కటంటె ఒక్కపారి దిగబడ్డా, తెల్లారి బండి అమ్ముడే. ఒప్పుకుంటవా?"

వీరేందర్ గుండె మీద చెయ్యేసుకొని ఒప్పుకున్నాడు. ఆ బండి పోతే వాడు బతకడని నాకు తెలుసు. పెళ్లిచూపుల్లో కూడా వాడి కళ్లు అంతగా మెరిసి ఉండవు.

పొద్దున్నే బయలుదేరాల్సినవాళ్లు. కానీ రుద్రంగి దాకా ప్రతి చాయ్ హోటల్ దగ్గరా ఎవరో ఒకరు బండి చుట్టూ చేరడం, వీడు బానెట్ ఎత్తి చూపించడం. ఒర్రె దగ్గరికి చేరేసరికి చీకటి పడింది.

నాట్ల కాలం. వాన వెలిసింది. నీళ్లు మోకాలు లోతు... ఇసుక మాత్రం పాలకోవాలా మెత్తగా ఉంది.

"ఇగ మాట్లాడకు" అంది అనూష. ఆమె ఆ ఊరి ఆడపిల్ల. పెదవుల మీద వేలు పెట్టుకుంది.

వీరేందర్ లైట్ల పట్టీ వేశాడు. ఒర్రె పగలైంది. గేరు మార్చాడు, దిగాడు. బండి బుస్సుబుస్సుమంటూ నీళ్లు దాటింది. గొట్టం ఊపిరి తీసుకుంటోంది — హూ... హూ... వీడు మీసం మెలేశాడు.

సరిగ్గా అక్కడే, అవతలి ఒడ్డు చేతికందేంత దూరంలో, వెనుక చక్రాలు ఇసుకలో గిర్రున తిరిగాయి. తిరిగి... తిరిగి... కూర్చున్నాయి.

అనూష మాట్లాడలేదు. మాట్లాడకూడదు కదా. ఫోన్ తీసి, తీరిగ్గా టైప్ చేసి వాడి ముఖం ముందు పెట్టింది.

"దిగబడ్డది."

వాడు ఫోన్ గుంజుకొని తనూ కొట్టాడు. "దిగబడుడు కాదు. ఆగుడు."

"రేపే అమ్ముడు."

"విన్చి ఉన్నది."

వాడు తలుపు తీసి ఒక్క దూకు దూకి, తాడు గుంజుకుపోయి ఒడ్డు మీది ఈత చెట్టుకు కొక్కెం తగిలించాడు. తాతల కాలం నుంచి ఈత చెట్లతో బతికిన వంశం. చెట్టు మొదలు ఒక్కసారి చేత్తో నొక్కి చూస్తే సరిపోయేది. చూడలేదు. వచ్చి బటన్ నొక్కాడు.

తాడు బిగిసింది. బండి కదల్లేదు.

చెట్టు తల ఊపింది.

అనూష వాడి చొక్కా పట్టుకుంది. చెట్టు... వంగింది. మళ్లీ లేచింది. ఆ తర్వాత నిలబడిన చెట్టు నిలబడినట్టే, మట్టలు విరబోసుకొని, లైట్ల వెలుగులో వీళ్ల వైపు నడిచి రావడం మొదలుపెట్టింది!

ఆమె కళ్లు మూసుకొని ఫోన్ మీద ఏదో కొట్టింది. అక్షరాలు కావవి. వీడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, అరుపు ఆపుకోవడానికో నవ్వు ఆపుకోవడానికో వాడికే తెలియదు. వరదకు ఒడ్డు కోసుకుపోయి వేళ్లు తేలిన చెట్టది. బానెట్ ముందుకొచ్చి దబ్బున పడింది.

అంత లాగుడుకు బ్యాటరీ నీరసపడింది. వీడు భయపడి లైట్లు ఆర్పేశాడు. ఇంజను మాత్రం గురకపెడుతోంది.

చీకటి. నీళ్ల చప్పుడు. ఇద్దరూ కుడితిలో పడ్డ ఎలుకల్లా కూర్చున్నారు.

అప్పుడు... వెనుక కమాన్ పట్టీ కిర్రుమంది.

బండి వెనుక భాగం కొంచెం కిందికి దిగింది. ఎవరో ఎక్కి కూర్చున్నట్టు.

వీరేందర్ మెడ తిప్పాడు. వెనక్కి చూద్దామంటే అద్దం నిండా పులి. కిర్ర్... ఇంకొంచెం దిగింది. కిర్ర్... ఇంకొంచెం. మాట లేదు, దగ్గు లేదు. పచ్చి బురద వాసన మాత్రం కేబిన్‌లోకి వచ్చింది. గాజుల చప్పుడు వినపడి ఆగిపోయింది.

అనూష ఫోన్ మీద కొట్టింది. "ఎనుక."

"తెలుసు."

"ఒక్కతి కాదు."

వీడు ఫోన్ పక్కన పడేశాడు. కొమురెల్లి మల్లన్నను, ఊరి మైసమ్మను, నన్ను కూడా తలచుకున్నాడట — లైట్లు గట్టిగా బిగించానని. కళ్లు మూసుకొని యాక్సిలేటర్ తొక్కాడు.

ఆశ్చర్యం! ఇందాకటి నుంచి ఉత్తినే తిరుగుతున్న చక్రాలు ఇసుకను కరిచిపట్టుకున్నాయి. బండి ఒక్క ఊపు ఊగి, పడిన ఈత చెట్టును ఎక్కి తొక్కి, తాడుతో సహా ఈడ్చుకుంటూ ఒడ్డెక్కేసింది.

ఒడ్డెక్కగానే వెనుక నుంచి కేబిన్ మీద దరువు. ధబ్... ధబ్... ధబ్! ఆపైన అరుపులు. ఒక గొంతు కాదు, పది గొంతులు. ఇంజను మోతలో ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఆపకు!" అని అరిచింది అనూష. ఆ రాత్రి ఒర్రె దగ్గరినుంచి ఆమె అన్న మొదటి మాట అదే. "ఎవలు వలికినా ఆపకు!"

ఆ పికప్పు అంత వేగంగా ముందెప్పుడూ పోలేదు, తర్వాతా పోలేదు. గుంతల్లో ఎగిరింది. వాడు ఫోన్‌లో చూసిన ఎడారి బండ్లకంటే బాగా ఎగిరిందట. ఎగిరినప్పుడల్లా వెనుక నుంచి ఒకే గొంతుతో కేక. వెనుక ఈత చెట్టు చీపురులా ఊరి దారంతా ఊడ్చుకుంటూ వచ్చింది. కుక్కలు మొరగడం మానేసి దారి ఇచ్చాయి.

అత్తగారింటి ముందు బ్రేకు కొట్టి ఇద్దరూ చెరో వైపు దూకి ఇంట్లోకి ఉరికారు. అత్త మొగిలవ్వ టార్చిలైటు పట్టుకొని బయటికి వచ్చి, ట్రాలీ మీదికి కొట్టింది.

మోకాళ్ల దాకా బురద. నడుముకు చెక్కిన చీరలు. ఒకరినొకరు వాటేసుకొని, కళ్లు పెద్దవి చేసుకొని... ఊళ్లోని నాట్ల కూలీలు!

"నీ అల్లునికి ఏం రోగమే మొగిలీ!" అని మొదటి తిట్టు తిట్టింది వెంకటవ్వ. నాట్ల ముఠాకు పెద్ద ఆమే. "మెల్లగ పొమ్మని గుద్దితె ఇంక ఉరికిచ్చిండు! మా ఇండ్లు గూడ దాటిపోయినయి!"

సంగతి ఇదీ. గుత్తకు పట్టిన మడి అయిపోయేదాకా నాటేసి, నడుచుకుంటూ వస్తున్నారు. ఒర్రెలో పికప్పు ఆగి ఉంది. మా దిక్కు ఖాళీ ట్రాలీ కనపడితే ఎవరిదని ఎవరూ అడగరు, ఎక్కి కూర్చుంటారు. అడుగుదామన్నా అది మూగొర్రె. నోరు విప్పకూడదు. వెంకటవ్వ పెదవుల మీద వేలు పెడితే, అందరూ గాజులు అదిమి పట్టుకొని ఒక్కొక్కరే ఎక్కేశారు. వాళ్ల బరువు పడ్డాకే చక్రాలకు పట్టు దొరికింది. బరువు తగ్గితే ఎగురుతుందని డాల విప్పినవాడి బండిని, బరువే బయట పడేసింది.

మొగిలవ్వ నవ్వి నవ్వి గడప మీద కూలబడింది. అనూషకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆ సందట్లో వీరేందర్ మెల్లగా అన్నాడు.

"సూసినవా? ట్రాక్టర్ లేదు, ఏం లేదు. దానంతట అదే అచ్చింది. దిగబడలే."

అనూష వెంకటవ్వ వైపు తిరిగింది. "పెద్దమ్మా, నువ్వే జెప్పు. మీరు ఎక్కేటాలకు బండి దిగబడి ఉన్నదా, లేదా?"

"దిగబడ్డది గాబట్టే ఎక్కినం బిడ్డా" అంది వెంకటవ్వ. "లేకుంటె తాటిచెట్టంత ఎత్తు లేపిండు నీ మొగడు, మాకు కాలెట్ల అందుతది?"

తీర్పు అయిపోయింది. వీరేందర్ ఆ రాత్రి కోడికూర కూడా ముట్టలేదట. అది విన్నాక నాకు నిజంగానే జాలి వేసింది.

అనూష మాట అంటే మాటే. కోరుట్ల వచ్చి బండిని అమ్మకానికి పెట్టింది. మెట్‌పల్లి నుంచి నర్సింగం అనే ఆయన వచ్చి, నా షెడ్డు ముందే బండి చుట్టూ తిరిగి, టైర్లు తన్ని, ముచ్చటపడిపోయాడు. మర్నాడు ఫోన్ చేసి వద్దన్నాడు. ఇంకొకాయన వచ్చాడు, ఆయనా అంతే. ఏమిటా అని ఆరా తీస్తే, ఒర్రె ఊరి నుంచి ఒక మాట బయలుదేరి మెట్‌పల్లి దాకా పాకింది. కూలీలు ఎక్కకముందే ఆ ట్రాలీలో ఇంకొకామె కూర్చొని ఉందట!

ఎవరూ బండి కొనలేదు. వీరేందర్ మొహం మళ్లీ వెలిగింది.

"గదంత ఈయన పుట్టిచ్చిన కథ" అంది అనూష పళ్లు కొరుకుతూ. నాకూ అదే అనుమానం. బండి దక్కించుకోవడానికి వాడు దెయ్యాన్నే కాదు, దాని పుట్టింటివాళ్లను కూడా సృష్టించగలడు. ఉపాయానికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

మొన్న ఆ ఊళ్లో ఒక ట్రాక్టర్ వైరింగ్ పని పడి పోయాను. వెంకటవ్వ అరుగు మీద కూర్చొని బీడీలు చేస్తోంది. ఊరుకోలేక అడిగాను.

"నిజం జెప్పు అవ్వా. వీరేందర్ చెప్పుమంటేనే చెప్పినవ్ గదా?"

"ఏం జెప్పిన?"

"గదే... మీకంటె ముందుగాల ఎవలో కూసొని ఉండెనని."

"ఉండె" అంది, ఆకు చుట్టడం ఆపకుండా. "కేబిన్‌కు ఆనుకొని, కాళ్లు దగ్గరికి తీసుకొని, కొంగు కప్పుకొని కూసున్నది. అనూష వాళ్ల అత్త అనుకున్న. జాగ ఇయ్యుమని మోచేత్తోటి పొడిస్తె జరిగింది."

నాకు నవ్వొచ్చింది. "స్టెప్నీ టైరు అవ్వా అది! దాని మీద గుడ్డ కప్పి పెడ్తడు వాడు."

వెంకటవ్వ తలెత్తి నా వైపు చూసింది.

"స్టెప్నీ జరుగుతదా కొడుకా?"

నవ్వు కొంచెం తగ్గింది. "సరే... మొగిలవ్వ ఇంటి ముంగట మీతోటే దిగింది గదా?"

"మేమందరం దిగినం" అంది ఆమె. "ఆమె దిగంగ నేనైతె సూడలే."

తిరిగి వస్తుంటే దారంతా నాలో నేనే నవ్వుకున్నాను. సగం దారి దాకా. అక్కడ ఒకటి గుర్తొచ్చింది.

వెనుక బ్రేకు లైటు వెలగడం లేదని వీరేందర్ ఆ పొద్దున్నే బండిని నా షెడ్డులో పెట్టి పోయాడు. ట్రాలీలోకి ఎక్కితే తప్ప ఆ వైరు అందదు.