ఆదివారం చెప్పిన ఓటీపీ

ఉదయ్ భాస్కర్‌ను చంపినవాడు అపాయింట్‌మెంట్ తీసుకుని మరీ వచ్చాడు.

ఉదయ్ భాస్కర్ ఏ.ఎస్. రావు నగర్‌లో ఇంటి దగ్గరే ఫిజిక్స్ ట్యూషన్లు చెప్పేవాడు. రిటైర్ కాకముందు రాడార్ ఇంజినీర్. 'నిపుణదర్శిని' అనే వెబ్‌సైట్‌లో ఆయన ఫొటో, ఇంటి లొకేషన్, ఖాళీగా ఉండే వేళలు అన్నీ ఉన్నాయి. వచ్చినవాడు బెల్లు కొట్టాడు, ఇచ్చిన మంచినీళ్లు తాగాడు, సైలెన్సర్ బిగించిన పిస్టల్‌తో ఒక్కసారి కాల్చి వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి వారం శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి, బొల్లారంలోని ఒక పాత బంగళాలో చీఫ్ రామభద్రరావు ఏజెంట్ జెరూషాను పిలిపించాడు. నాలుగేళ్లుగా ఆమె సికింద్రాబాద్‌లో టైలర్ వేషంలో ఉంటోంది. వేషమే అయినా బ్లౌజులు నిజంగానే బాగా కుడుతుంది.

డాక్టర్లు, లాయర్లు, ట్యూషన్ మాస్టర్ల వివరాలు పెట్టే ఆ సైటును విదేశీ ముఠా ఒకటి నడుపుతోందని చీఫ్ చెప్పాడు. వాళ్లకు కావలసింది అందులో మిగిలిన పదకొండు మంది రాడార్ ఇంజినీర్లు. వాళ్ల ఫైలు ఐదింటికి దేశం దాటుతుంది. దాటిందంటే ఆ పదకొండు ఇళ్లకూ జీవితాంతం కాపలా పెట్టాలి.

"ఆపే దారి ఒక్కటే," అన్నాడు చీఫ్. "చట్టబద్ధంగా కనిపించడానికి వాళ్లే ఒక లాక్ పెట్టుకున్నారు. ఫైల్లో ఒక్కరు కన్సెంట్ వెనక్కి తీసుకున్నా మొత్తం ఆగిపోతుంది."

"పదకొండు మందిలో ఎవరైనా తీసుకోవచ్చు కదా సార్?"

"పొద్దున దేవానందం గారు ప్రయత్నించారు. ఓటీపీ ఆయనకు రాలేదు. కన్సెంట్ తీసుకున్నవాళ్లు సైటులో ఆయన నంబరు తీసేసి వేరే ఫోన్ నంబరు పెట్టుకున్నారు. ఆ ఫోన్ ఎవరిదో గ్లోరియాకు తెలిసిందట. నాలుగున్నరకు మోండా మార్కెట్‌లో నీకు చెబుతుంది."

దేవానందం గారు ఆ పదకొండు మందిలో ఒకరు, జెరూషాకు సండే స్కూల్లో పాఠాలు చెప్పిన మనిషి. గ్లోరియా ఆ సైటులో సేల్స్ మేనేజర్, డిపార్ట్‌మెంట్ లోపలికి పంపిన డబుల్ ఏజెంట్. నలభై ఐదేళ్లకూ సిల్కు చీరలో నడిస్తే రోడ్డు తిరిగి చూస్తుంది. చత్వారం వచ్చినా కళ్లద్దాలు పెట్టదు. చర్చి క్వాయర్‌లో పక్కన నిలబడి, జెరూషా గొంతు వింటూ పాట అందుకుంటుంది.

కొలతల టేపులో దాచిన ట్రాన్స్‌మిటర్ మెడలో వేసుకుని జెరూషా ఆటో ఎక్కింది. దారిలో చీఫ్ ఇచ్చిన పాస్‌వర్డ్‌తో ఫోన్‌లో సైటులోని ఆ ఫైలు తెరిచింది. చీఫ్ ఇచ్చిన కాపీలో లేని పన్నెండో పేరు ఆ జాబితాలో ఉంది.

'జెరూషా. టైలర్. ఒంటరిగా ఉండే వేళలు: రెండు నుంచి ఆరు. కన్సెంట్ ఇచ్చిన సమయం: ఆదివారం, 11:40.'

ఆదివారం 11:40కి ఆమె చర్చి మెట్ల మీద చెప్పులు వేసుకుంటోంది. పక్కన గ్లోరియా ఉంది. క్వాయర్ బస్సు బుకింగ్‌కు ఓటీపీ వస్తుంది, చెప్పమంది. జెరూషా చెప్పింది. ఎందుకని కూడా అడగలేదు.

ఆటో ప్యారడైజ్ దాటేదాకా ఆమె ఆ సమయాన్నే మళ్లీ మళ్లీ చదివింది. తర్వాత టేపు నోటి దగ్గరికి తెచ్చుకుని చీఫ్‌కు రెండు మాటలు చెప్పింది.

లతీఫున్నీసా స్టీలు సామాన్ల కొట్టులో గోడ నిండా కొత్త పళ్లేలు మెరుస్తున్నాయి. గ్లోరియా వాటికి వీపు పెట్టి నిలబడింది.

"అడుగు మందం గిన్నె దొరుకుతదా?" అంది జెరూషా. అది కోడ్.

"మూత లేనిదే ఉన్నది," అని నవ్వింది గ్లోరియా. ఆ ఫోన్ మెహదీపట్నంలో ఎవరో ఏజెంటుదని, ఇప్పుడే బయల్దేరితే దొరుకుతుందని చెప్పింది. బయల్దేరితే ఐదు దాటుతుంది.

జెరూషా తలాడించి, చీఫ్ మనుషులు వచ్చేదాకా గిన్నెలు ఒక్కొక్కటే తిరగేసి చూస్తూ నిలబడింది.

"కొనేటిదుందా, ఊకె చూసుడేనా బిడ్డా?" అంది లతీఫున్నీసా.

"జెర ఆగమ్మా, తీసుకుంట."

నాలుగు యాభై ఏడుకు, గిన్నె చాటున తన ఫోన్‌లో 'కన్సెంట్ రద్దు' నొక్కింది. గ్లోరియా ఫోన్ మోగింది. చత్వారం కదా, గ్లోరియా చెయ్యి బారుగా చాపి ఫోన్ చూసింది. పెద్ద పెద్ద అక్షరాలు. వెనక గోడ మీది పళ్లెంలో, అద్దంలో లాగే, ఆరు అంకెలు కుడి ఎడమలు మారి కనిపించాయి. రోజూ గుడ్డను తిరగవైపు నుంచి కుట్టే మనిషికి అదేం కష్టం కాదు.

నాలుగు యాభై తొమ్మిది. జెరూషా తన ఫోన్‌లో చివరి అంకె కొట్టింది.

గ్లోరియా ఫోన్ మళ్లీ మోగింది. 'సమ్మతి రద్దయినది. ఫైలు నిలిపివేయబడినది.' ఆమె మెల్లగా తలెత్తింది. కుక్కర్లు బేరం చేస్తున్న ఇద్దరు మగవాళ్లు వచ్చి చెరో పక్క నిలబడ్డారు.

"నా పేరు సుత ఎందుకు పెట్టినవ్ అక్కా?"

"కొనేటోళ్లు పన్నెండు మందినిస్తే ఒప్పుకుంటమన్నరు. ఒకరు తక్కువ పడ్డరు."

"నమ్మి చెప్పిన."

"అడిగిన, చెప్పినవ్. కన్సెంట్ అంటే గదే కదా జెరూ."

ఆమె గొంతులో కోపం లేదు. క్వాయర్‌లో తర్వాతి పాట ఏదని అడిగినట్టే ఉంది. వాళ్లు ఆమెను తీసుకెళ్లారు.

జెరూషా గిన్నె కొంది. మూత లేనిదే. బయటికి వస్తుంటే ఫోన్ మోగింది. నిపుణదర్శిని నుంచి మెసేజ్: 'మా సేల్స్ మేనేజర్ గ్లోరియా గారి సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?'

కాసేపు ఆలోచించి అయిదూ ఇచ్చింది. కింద ఖాళీలో రాసింది: 'ఎంతో నమ్మకంగా ఉంటారు.'