వెనక్కి తిరిగిన పిట్ట

ముందే ఒప్పేసుకుంటున్నాను. గైడ్ ఏం చెప్పినా నేను నమ్మేస్తాను. మెడలో కార్డు, చెంప దగ్గర మైకు ఉంటే చాలు, "ఈ అరుగు మీదే రాజుగారు కునుకు తీసేవారు" అన్నా తలూపి ఫొటో తీసుకునే రకాన్ని. నాలుగేళ్ళు కంప్యూటర్ సైన్స్ చదివినా ఈ జబ్బు తగ్గలేదు. ఈ కథలో ఒక మనిషి ప్రాణం నిలబడింది మాత్రం ఈ జబ్బు వల్లే.

గోడబొమ్మల టూర్ నడిపే గైడ్‌ని సోమవారం సాయంత్రం ఎవరో పరంజా మీద నుంచి తోసేశారు. మంగళవారం పొద్దున్నే ఏజెంట్ గుండుసూది అతని టోపీ పెట్టుకుని చీఫ్ ఎదురుగా కూర్చుంది. టోపీ ఆమెకి వదులు.

"గైడ్ మన మనిషే. పోయేముందు ఒక మెసేజ్ పెట్టాడు," అన్నాడు చీఫ్. "పిట్టల కోడ్ లీకైంది. ఇవాళ్టి టూర్‌లో షూటర్ వస్తున్నాడు."

టూర్ ముగిసే సందులో వరసగా ఏడు ఇళ్ళు. వాటిలో ఒకదాంట్లో టైపిస్టు దాక్కుని ఉంది. విదేశీ ముఠా ఆఫీసులో ఆరేళ్ళు పనిచేసి, వాళ్ళ పేర్లన్నీ బుర్రలో పెట్టుకుని పారిపోయి వచ్చిన మనిషి. గురువారం కోర్టులో నోరు విప్పాలి. ఆమె ఏ ఇంట్లో ఉందో ఫోన్లో చెప్పడం ప్రమాదమని, కాపలావాళ్ళకి గోడబొమ్మతోనే చెప్పేవారు. తీగ మీద ఏడు పిట్టలు. ఒకటి మాత్రం వెనక్కి తిరిగి ఉంటుంది. ఎడమ నుంచి అది ఎన్నోదైతే ఆమె ఉండేది అన్నో నంబరు ఇల్లు.

"ఇప్పుడు ఆమె మూడో ఇంట్లో ఉంది. సందు మీద వాళ్ళ కళ్ళున్నాయి, బయటికి తీసుకురాలేం," అన్నాడు చీఫ్. "అందుకే బొమ్మ మారుస్తున్నాం. మూడో పిట్టని మామూలుగా చేసి ఐదోదాన్ని తిప్పమని మీ వదినకి చెప్పాను. మనవాళ్ళిద్దరూ ప్లంబర్ల వేషంలో ఐదో ఇంట్లో ఉంటారు. వాడి మొహం మనకి తెలీదు. తుపాకి బయటికొచ్చే వరకూ ఎవర్నీ ముట్టుకోవద్దు."

ఆ గోడబొమ్మలు వేసేది గుండుసూది వదినే. నల్లకళ్ళద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్. జీన్స్ మీద రంగు మరకలు కూడా కొలతలు తీసుకుని పడ్డట్టుంటాయి. ఎనిమిది నెలల కిందట భర్త ఒక మిషన్‌లో మాయమైనప్పటి నుంచీ ఆ కళ్ళద్దాలు తీయడం మానేసింది.

"పిట్టని తిప్పావా వదినా?" అడిగింది గుండుసూది, టూర్ మొదలయ్యే చోట.

వదిన కుంచెలు కడుగుతోంది. "తిప్పానమ్మా. ఆడపడుచు పెత్తనం గోడల దాకా వచ్చిందన్నమాట."

పదిన్నరకి తొమ్మిదిమంది టూరిస్టులు చెవుల్లో రిసీవర్లు పెట్టుకున్నారు. గైడ్ వేషంలో ఉన్న గుండుసూది మైకులో మాట్లాడితే వాళ్ళకీ, ఐదో ఇంట్లో ప్లంబర్లకీ ఒకేసారి వినిపిస్తుంది. మొదటి గోడ మీద రెండంతస్తుల చెవి.

"గోడలకు చెవులుంటాయని మీ అమ్మమ్మ చెప్తే నమ్మలేదు కదా," అంది గుండుసూది.

ఎనిమిదిమంది నవ్వారు. మబ్బు తునక కూడా లేని రోజున గొడుగు పట్టుకొచ్చిన ఒకాయన నవ్వలేదు.

చివరి సందులో అందరూ పెద్ద ముసలమ్మ బొమ్మకి ఫొటోలు తీస్తుంటే, గొడుగాయన పైనున్న తీగవైపు చూశాడు. పెదాలు కదిలాయి. ఒకటి, రెండు, మూడు.

గుండుసూది కూడా చూసింది. వెనక్కి తిరిగి ఉన్నది మూడో పిట్టే. వదిన కుంచె ముట్టనే లేదు.

గొడుగాయన నడిచాడు. మూడో ఇంటి గేటు గడియ మీద చెయ్యి వేశాడు. లోపల టైపిస్టు ఒక్కతే. మైకులో "మూడో ఇల్లు" అంటే ప్లంబర్లతో పాటు వాడూ వింటాడు, వాళ్ళు వచ్చేలోపే లోపలికి దూరతాడు.

"ఒక్క నిమిషం," అంది గుండుసూది మామూలు గొంతుతో. "ఈ బొమ్మని అందరూ తప్పుగా చదువుతారండీ. వేసినావిడది ఎడమచేతి వాటం. రంగు చెరిగిపోకుండా కుడి చివర మొదలుపెట్టి ఇటు వస్తుంది. మొదటి పిట్ట అదిగో, ఆ చివరిది. కావాలంటే చూడండి, సంతకం కూడా అక్కడే ఉంది."

సంతకం నిజంగానే కుడి చివర ఉంది. లోకంలో ముప్పాతిక బొమ్మలకి అక్కడే ఉంటుంది.

"మా అమ్మాయిదీ ఎడమచెయ్యే," అంది ఒక టీచరమ్మ. "నోట్‌బుక్కంతా పూసేస్తుంది."

గొడుగాయన సంతకం వైపు చూశాడు. మళ్ళీ లెక్కపెట్టాడు, ఈసారి అటు నుంచి. గడియ మీద చెయ్యి తీశాడు. రెండిళ్ళు దాటి ఐదో ఇంటి బెల్లు కొట్టి, గొడుగు పిడి ఊడదీశాడు. అందులోంచి సన్నటి గొట్టం బయటికొచ్చేసరికి తలుపు తెరుచుకుంది. రెండు చేతులు వాణ్ణి లోపలికి లాగేశాయి. ఏదో బరువుగా పడింది.

"ఏంటండీ ఆ చప్పుడు?" అంది టీచరమ్మ.

"పైపు రిపేరండీ."

మధ్యాహ్నం వదిన జీపులో కూర్చుని ఉంది. చేతులకి బేడీలు.

"మీ అన్నయ్య బతికే ఉన్నాడన్నారు," అంది. "పిట్ట సంగతి చెప్తే వదిలేస్తామన్నారు."

"గైడ్?"

"ఆయన్ని చంపుతారని తెలీదు." బేడీలు సర్దుకుంటూ, "తెలిసినా చెప్పేదాన్నేమో," అంది.

"మరి ఎటు నుంచి లెక్కపెట్టాలో చెప్పలేదేం?"

"వాళ్ళు అడగలేదు. నేను చెప్పలేదు. సగం వాళ్ళకి, సగం నీకు."

గుండుసూది టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అన్నయ్య లేడు వదినా. నేనే వెళ్ళి గుర్తుపట్టాను. ఏడు నెలలైంది. నీకు చెప్పొద్దని ఆర్డర్."

"నేను అడిగినప్పుడల్లా వెతుకుతున్నారని చెప్పావు."

"చెప్పాను."

"నమ్మాను," అంది వదిన. కళ్ళద్దాలు తీయలేదు.

గురువారం టైపిస్టు కోర్టులో నాలుగు గంటలు మాట్లాడింది. అదే రోజు టూర్ వెబ్‌సైట్‌లో టీచరమ్మ రివ్యూ పెట్టింది. ఐదుకి ఐదు నక్షత్రాలు. "కొత్త గైడ్ ఒక్క అబద్ధం కూడా చెప్పదు."

మీకూ ఏ గైడో, మీ ఇంటి మనిషో చెప్పిన అబద్ధాన్ని నమ్మిన కథ ఉంటే కింద రాయండి. కల్పించి రాసినా పర్లేదు, నేను నమ్మేస్తాను.