ఎనిమిది నిలువు కాజాలు

ఆ ఉదయం ఆమె రెయిన్‌కోటు వేసుకుని కూడా నిలువునా తడిసి వచ్చింది. కోటుకి ఆరు గుండీలు. ఆరూ విప్పే ఉన్నాయి.

నేను కటింగ్ టేబుల్ దగ్గర చేతిలో కత్తెరతో ఉన్నాను. నా నోరు ఊరుకుంటుందా?

"అందరికీ కాజాలు కుట్టిపెడతారు. సొంత గుండీలు పెట్టుకోవడం ఎవరైనా నేర్పాలా?"

మామూలు రోజైతే ఒకటికి నాలుగు తగిలించేది. మా టైలర్ షాపులో ఆమెకి సూది అని పేరు ఊరికే రాలేదు. ఆ రోజు మాత్రం "కొత్త ఫ్యాషన్" అని ఒక్క ముక్క అనేసి, కోటు కొక్కేనికి తగిలించి, కిటికీ పక్కన తన స్టూలు మీద కూర్చుంది. పని ముట్టుకోలేదు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని వాన చూస్తూ ఉండిపోయింది.

సూదికి వాన చూసే తీరికా! నాకు అనుమానం రావాల్సింది. దానికి బదులు కోపం వచ్చింది, నా జోకుకి నవ్వలేదని.

మా షాపులో చొక్కాకి మెషీన్ కాజా వేయరు. గుండీ దూరే చీలిక చుట్టూ చేత్తో ఒక్కో ముడీ వేసి గట్టిచేయడం మా పెద్దమాస్టారి పట్టుదల. ఆ పని మొత్తం సూదిదే. బట్ట కత్తిరించడం నాది కాబట్టి నా పేరు కత్తెర. మూడేళ్లుగా మా మాటలన్నీ పోట్లాటలే. కాజా కోసం నేను వేసిన గుర్తు ఒక నూలుపోగు పక్కకి జరిగినా ఆమె స్టూలు దిగి వచ్చి మరీ చెప్పేది. ఆ రావడం కోసం నేను కావాలనే గుర్తులు పక్కకి వేసిన రోజులూ ఉన్నాయి. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఆ వాన రోజు తర్వాత సూది ఆలస్యంగా రావడం మొదలైంది. తొమ్మిదికి రావాల్సిన మనిషి పదిన్నరకి వచ్చేది. వచ్చాక కూడా మొదటి చొక్కా మధ్యాహ్నానికి గాని తెమిలేది కాదు. ఎదురు షాపు వాళ్లు ఆమెను లాక్కుంటున్నారని ఇస్త్రీ బల్ల దగ్గర పుకారు పుట్టింది. నేను నేరుగా అడిగేశాను.

"ఎదురు షాపుకి వెళ్లిపోతున్నారటగా?"

"అవును. అక్కడ ఏసీ ఉందట. కత్తెరలు కూడా తక్కువ మాట్లాడతాయట."

నవ్వుతూనే అంది. కానీ టీ కప్పుని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగుతోంది, చిన్నపిల్లల్లా. ఇది చూసి కూడా నాకు బుర్ర వెలగలేదు.

తర్వాతి సోమవారం ఆమె అసలే రాలేదు. పాటల బృందం ఒకటి ఇరవై నాలుగు తెల్ల చొక్కాలకి ఆర్డరిచ్చింది. పెద్దమాస్టారు కాజాలకని ఆరు చొక్కాలు సంచిలో పెట్టి నన్ను సూది ఇంటికి పంపారు.

తలుపు ఆమె బామ్మ తీసింది. నన్ను ఎగాదిగా చూసింది.

"కత్తెరవి నువ్వేనా? రోజూ నీ మీద ఫిర్యాదులే. రా లోపలికి."

వంటగదిలో సూది ఒక గిన్నెడు వేడినీళ్లలో మణికట్టు దాకా చేతులు ముంచి నిలబడి ఉంది. నన్ను చూసి చేతులు తీయబోయి, ఎలాగూ దొరికిపోయానని మళ్లీ ముంచేసింది.

"పొద్దున్నే ఇదే కొట్లాట," అంది బామ్మ. "ఉన్నది ఒక్క గిన్నె. నా మోకాళ్లకా, దీని వేళ్లకా? డెబ్బై ఏళ్లు అరగదీస్తే నాకొచ్చిన నొప్పులు, దీనికి ఇరవై ఆరుకే ఎందుకమ్మా?"

"బామ్మా, నువ్వు కాసేపు టీవీ చూసుకో."

బామ్మ టీవీ పెట్టింది గానీ సౌండ్ పెంచలేదు. మా మాటలు వినాలి కదా.

సూది చేతులు తుడుచుకుంది. వేళ్ల మొదళ్లలో కణుపులు ఉబ్బి ఎర్రగా ఉన్నాయి. రెండు చేతులకీ ఒకేలా ఉన్నాయి.

"మూడు నెలలైంది," అంది. "నిద్ర లేస్తే పిడికిలి మూసుకోదు. మూసుకుంటే తెరుచుకోదు. పదింటికి కాస్త కదులుతాయి. మామూలు డాక్టర్ చూసి, ఆర్థరైటిస్ అని అనుమానంగా ఉంది, తేల్చాల్సింది స్పెషలిస్టేనని చెప్పి, రక్తపరీక్షలు కూడా రాసిచ్చింది. అపాయింట్‌మెంట్ ఇంకా ఇరవై రెండు రోజులకి."

"అంతదాకా?"

"అంతదాకా అనుమానమే. జబ్బైనా ఒక పేరుంటే తిట్టుకోవచ్చు. దీనికి పేరు కూడా లేదు." తువ్వాలు దండెం మీద వేసి, "పెద్దమాస్టారికి చెప్పకండి. తేలాక నేనే చెప్తాను. ఇది ఆర్థరైటిసే అయితే నా చేతులు ఏమవుతాయో తెలీదు. నాకు వచ్చిన పని ఇదొక్కటే," అంటూ నా చేతిలోని చొక్కాల సంచి అందుకుంది.

ఆ చివరి మాట చాలా మామూలుగా అంది. నేను ఇంటికొచ్చాక కూడా అది నా చెవుల్లోంచి పోలేదు. చెప్పనని మాటిచ్చాను. చెప్పకుండా ఉండటం వరకే అయితే నేను మంచివాణ్ణే. అక్కడ ఆగితే కదా!

షాపు తాళం ఒకటి నా దగ్గరుంటుంది. మర్నాటి నుంచి రెండు గంటలు ముందే వెళ్లి, తలుపు దగ్గరగా వేసుకుని, ఆమె తట్టలోంచి చొక్కాలు తీసి కాజాలు కుట్టడం మొదలుపెట్టాను. కుర్రతనంలో నేర్చుకున్న పనే. ఆమె వచ్చేసరికి తట్టలో పని సగం అయిపోయి ఉంటే, మిగిలింది మెల్లగా చేసుకుంటుందని నా లెక్క. సాయం చేస్తున్నానని నాకు నేనే మురిసిపోయాను కూడా.

మూడు రోజులు నడిచింది. ఆమె తట్ట వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసేది. తర్వాత మిగిలిన చొక్కా అందుకునేది. నాలుగో రోజు పెద్దమాస్టారు చొక్కాలు తనిఖీ చేయడానికి కూర్చున్నారు.

"సూదీ, ఇలా రా. ఇదేమిటి?"

చొక్కా ముందు భాగంలో కాజాలు నిలువుగా ఉంటాయి. కాలర్ పట్టీ మీద ఉండే ఒక్క కాజా మాత్రం అడ్డంగా ఉండాలి. మొదటి రోజు చొక్కా నేర్చుకునేవాడికి కూడా తెలిసిన సంగతి. నేను ఒకే ఊపులో పైకి కుట్టుకుంటూ పోయి, ఎనిమిది చొక్కాలకి కాలర్ పట్టీ మీద కూడా నిలువుగానే కోసి కుట్టేశాను. కుట్టు తప్పయితే విప్పొచ్చు. కోసిన బట్టని ఏం చేస్తాం?

"పదేళ్ల నుంచి కాజాలు కుట్టే పిల్ల చేసే పనేనా ఇది?" అన్నారు పెద్దమాస్టారు. "మనసు ఎదురు షాపులో ఉంటే అక్కడికే పో. నా చొక్కాలెందుకు పాడుచేస్తావ్?"

సూది ఒక చొక్కా అందుకుని కాజాని వెలుతురుకి ఎత్తి చూసింది.

"ఇవి నేను కుట్టినవి కావు," అంది. "నేను కాజాకి ఇరవై ఎనిమిది ముడులు వేస్తాను. ఇక్కడ ముప్పై అయిదు ఉన్నాయి. ఎవరో భయపడుతూ కుట్టారు."

"నేనే కుట్టాను మాస్టారూ," అన్నాను.

"నువ్వా? ఎందుకు?"

"ఊరికే. సరదాకి."

"సరదాకి తెల్ల చొక్కాల మెడలు కోస్తావట్రా?"

నేను ఇంకో అబద్ధం వెతుక్కునేలోగా సూది తన రెండు చేతులూ ఆయన ముందు పెట్టింది. అంతా తనే చెప్పింది, వాపు సంగతి, పొద్దున్న బిగుసుకుపోవడం, రాబోయే అపాయింట్‌మెంట్. పెద్దమాస్టారు కళ్లద్దాలు పైకి నెట్టి ఆ వేళ్లని బట్ట నాణ్యం చూసినట్టు చూశారు.

"ఇదా సంగతి! ముందే చెప్తే వేళలు మార్చేవాణ్ణి కదమ్మా. రేపట్నుంచి పదకొండింటికి రా, సాయంత్రం ఒక గంట ఎక్కువుండు." తర్వాత నా వైపు తిరిగారు. "ఒరే కత్తెరా, ఎనిమిది కాలర్ పట్టీలు కొత్తవి కత్తిరించు. మళ్లీ సూదీ దారం ముట్టుకున్నావంటే నీ వేళ్లు విరుస్తాను."

గొడవ అక్కడితో అయిపోయిందనుకున్నాను. అసలు గొడవ బయట మెట్ల మీద ఉంది.

"ఎవరు చెయ్యమన్నారు మిమ్మల్ని?" అంది సూది.

"మీకు నొప్పిగా ఉందని..."

"నొప్పి నాకుంది. పని రాదని మీకెవరు చెప్పారు? నా చేతులు పనికిరావని మీరెలా తేల్చేశారు? స్పెషలిస్టే ఇంకా తేల్చలేదు!"

నేను మెడలోని కొలత టేపు తీసి చుట్టడం మొదలుపెట్టాను.

"అడగొచ్చు కదా," అంది మళ్లీ, ఈసారి గొంతు తగ్గించి. "ఫలానా సాయం కావాలా అని అడిగితే అవునో కాదో చెప్పేదాన్ని. నేనొచ్చేసరికి నా పని అయిపోయి ఉంటే, నేను లేకపోయినా నడుస్తుందన్నట్టే కదా? రోజూ తట్ట చూసినప్పుడల్లా దిగులు మొదలయ్యేది."

మూడు రోజులుగా ఆమెకి నేను ఇచ్చింది సాయం కాదని, దిగులని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. తప్పయిపోయిందన్నాను. ఆమె "సరే" అంది, కానీ ఆ వారమంతా నా గుర్తులు ఎంత పక్కకి ఉన్నా స్టూలు దిగి రాలేదు.

మిగిలిన రోజులు ఎదురుచూడటంలోనే గడిచాయి. ఎనిమిది కాలర్లకీ ఆమే అడ్డకాజాలు కుట్టింది, మధ్యాహ్నాలు, మధ్యలో వేళ్లు చాపుకుంటూ. రక్తపరీక్షల రిపోర్టు కవరు వచ్చినా తెరవలేదు. తెరిస్తే ఇంటర్నెట్‌లో వెతుకుతానని, వెతికితే చావు దాకా వెళ్లిగాని ఆగనని చెప్పింది. షాపులో ప్రతివాళ్లూ ఒక్కో సలహా ఇచ్చారు. ఒకరు నూనె రాయమన్నారు, ఒకరు నూనె మానమన్నారు. నేను సలహా ఇవ్వలేదు. ఒక రోజు మాత్రం దగ్గరికెళ్లి, "దారాల డబ్బా మూత బిగుసుకుంది, తీయమంటారా?" అని అడిగాను.

డబ్బాని నా వైపు జరిపింది. "తీయండి," అంది.

మర్నాడు నా టేబుల్ దగ్గరికి వచ్చి, "మూడో గుర్తు పక్కకి జరిగింది," అంది. నాకు పండగలా అనిపించింది.

అపాయింట్‌మెంట్ రోజు మోకాళ్లు సహకరించక బామ్మ నన్ను పంపింది. "నువ్వు తోడెళ్లు. అక్కడ కూడా పోట్లాడారంటే ఊరుకోను," అంది.

ఆసుపత్రి వరండాలో వరసగా కుర్చీలు. మా టోకెన్ పదిహేడు. తెరమీద పద్నాలుగు నడుస్తోంది. బయట సన్నగా వాన. ఆమె ఒళ్లో ఆ తెరవని కవరు.

"సూది గారూ, ఒక మాట చెప్పాలి. పదిహేడు రాకముందే చెప్పాలి."

"ఏం కొంప మునిగింది?"

"మీరంటే నాకు ఇష్టం. పెళ్లి చేసుకుందామా?"

ఆమె నన్ను చూసింది, కవరుని చూసింది. "దీనికి ఇదే దొరికిందా చోటు? లోపలికెళ్లొచ్చాక అడక్కూడదూ?"

"అడక్కూడదు. లోపల ఏం లేదన్నారనుకోండి, సంతోషంలో అనేశాడంటారు. ఉందన్నారనుకోండి, జాలిపడ్డాడంటారు. మీ నోటితో నేను గెలవలేను. ఇప్పుడైతే మీకూ తెలీదు, నాకూ తెలీదు."

టోకెన్ పదిహేను.

"నా పరిస్థితి మీకు అర్థం కాలేదు," అంది మెల్లగా. "పొద్దున్న జడ కూడా బామ్మే వెయ్యాలి. రేపు ఇంకెలా ఉంటుందో. మూతలు తీసిపెట్టే మనిషి కోసం నేను పెళ్లి చేసుకోను."

"మూతలు తీయడానికి కాదు. నా తప్పులు చూపించడానికి రోజూ ఎవరో ఒకరు కావాలి. మూడేళ్లుగా అలవాటైపోయింది."

నవ్వు ఆపుకోవడానికి ఆమె వాన వైపు తిరిగింది. జవాబు వచ్చేలోగా పదిహేడు పిలిచారు.

స్పెషలిస్టు నడివయసు ఆవిడ. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఆవిడ కవరు తెరిచి చదివింది, ఒక్కో కణుపూ నొక్కి చూసింది, పొద్దున్న ఎంతసేపు బిగుసుకుంటాయో అడిగింది. తర్వాత పెన్ను కింద పెట్టింది.

"రుమటాయిడ్ ఆర్థరైటిస్. కీళ్లవాతం. ముసలితనంలో కీళ్లు అరిగి వచ్చేది కాదు. మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున మన కీళ్ల మీద పడుతుంది."

సూది చేతులు వెనక్కి తీసుకుంది. "కుట్టుపని మానేయాలా?"

"మానక్కర్లేదు. తొందరగా వచ్చారు, అది మంచిది. మందు పనిచేయడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అందరికీ ఒకేలా పనిచేస్తుందని మాటివ్వలేను. పనిచేయకపోతే వేరేవి ఉన్నాయి. వాపు ఎక్కువున్న రోజు పని తగ్గించండి. పూర్తిగా కట్టిపెట్టొద్దు."

సూది వదిలిన ఊపిరి తలుపు దగ్గరున్న నాకు వినిపించింది.

"ఈ మాత్ర వారానికి ఒక్క రోజే, రోజూ కాదు," అంటూ రాయబోయి డాక్టరమ్మ ఆగింది. "పెళ్లయిందా?"

"లేదండీ."

"ఇది వాడుతున్నన్నాళ్లూ గర్భం రాకూడదు. పిల్లలు కావాలనుకుంటే కొన్ని నెలల ముందే నాకు చెప్పాలి, మందు మారుస్తాను. అందుకే అడుగుతున్నా. దగ్గర్లో పెళ్లి ఆలోచన ఏమైనా ఉందా?"

నేను గోడ మీది ఎముకల బొమ్మని శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను.

"ఉందండీ," అంది సూది.

"ఎప్పుడు?"

"తేదీ అనుకోలేదు. పద్నాలుగో టోకెన్ దగ్గర అడిగారు. నేను ఇప్పుడే ఒప్పుకున్నాను."

డాక్టరమ్మ ఆమెను చూసి, తల తిప్పి నన్ను చూసింది. "ఇతనేనా?" అని నవ్వింది. "ఏమయ్యా, జబ్బు పేరు విన్నావు కదా. ఇప్పుడూ అదే మాటేనా?"

"అదే మాటండీ," అన్నాను.

"అలాంటప్పుడు తలుపు దగ్గర నిలబడ్డావేం? కుర్చీ లాక్కో. ఈ మందుల సంగతి ఇద్దరికీ చెప్పాలి."