అంకిత కూర్చోని కుర్చీ

"మేడం, నోట్ల పోసుకొని ఉమ్మేస్తిరి. కడుపులకు పోకుండనే బాగలేదని ఎట్ల చెప్తరు?"

నారాయణఖేడ్ ఫంక్షన్ హాల్లో అందరూ వెనక్కి తిరిగారు. లేచి నిలబడ్డవాడు వీరేశ్. నాగల్‌గిద్దలో తండ్రి చంద్రప్పతో కలిసి వైన్ ద్రాక్ష వేసిన కుర్రాడు. రాష్ట్ర సరిహద్దు అవతలి వైన్ కంపెనీ ఒక్కో రైతు పండుతో విడిగా కొంచెం వైన్ చేసి, ఏటా వానాకాలంలో ఇక్కడే జడ్జీలతో మార్కులు వేయిస్తుంది. గ్లాసు మీద అంకె ఉంటుంది గానీ, మార్కులు పడేదాకా రైతు పేరు బయటపెట్టరు. వీరేశ్ గ్లాసుకు అందరికన్నా తక్కువ మార్కులు వేసింది ఈ ఊరి పిల్లే, కంపెనీలో రుచి చూసే ఉద్యోగం చేస్తున్న అంకిత.

ఆమె తాపీగా మూతి తుడుచుకుంది. "మింగితే పదో గ్లాసుకు అందరికి ఫస్ట్ ప్రైజ్ ఇస్త. గది ఓకేనా?"

హాలంతా గొల్లుమంది. వీరేశ్‌కు ఒళ్లు మండింది.

"పండు మంచిదే," అంది ఆమె ఈసారి నవ్వకుండా. "తొందరపడి కోసిన్రు. పచ్చి వాసనొస్తుంది."

నిజమే. మబ్బు చూసి భయపడి తండ్రీకొడుకులు ముందే కోసేశారు. ఆ సంగతి గ్లాసులోంచి ఎలా కనిపెట్టిందా అని ఆలోచిస్తూ వెళ్లిన వీరేశ్‌కు, ఇల్లు చేరేసరికి కోపం మిగల్లేదు.

మరుసటి కోతకు ముందు కంపెనీ ఆమెనే తోటకు పంపింది. ఆమె పండు నమిలేది, గింజ కొరికేది, "ఇంకా ఆగాలె" అనేది.

"ఈసారి గూడ ఫెయిలైతే తీగెలన్ని పీకి కంది ఏస్త బిడ్డా," అన్నాడు చంద్రప్ప. "నీ మాట మీదనే ఆగుతున్న."

వీరేశ్ మాత్రం రోజూ ఫోన్ చేసేవాడు. "గింజ రంగు మారినట్టున్నది. వస్తరా?"

"నిన్ననే వస్తి గద?"

"నిన్నటి రంగు వేరే."

మేడం ఎప్పుడు అంకిత అయిందో, మీరు ఎప్పుడు నువ్వు అయిందో ఇద్దరికీ తెలియదు. "గా తాగుడు కంపెనీ పిల్లా?" అని మూతి తిప్పిన వీరేశ్ తల్లి కిష్టవ్వ కూడా ఇప్పుడు ఆమె వస్తుందంటే జొన్నరొట్టె వేడిగా ఉంచుతోంది.

మళ్లీ వానాకాలం వచ్చింది. అదే హాలు, అవే అంకెల గ్లాసులు. అంకిత కుర్చీలో మాత్రం ఎవరో కళ్లజోడు పెద్దమనిషి ఉన్నాడు. వీరేశ్ ఆమెను వెతుక్కుంటూ లేచాడు. బయటికొచ్చి చూస్తే ఆమె వరండాలో నిలబడి, చూరు నీళ్ల కింద చెయ్యి చాపి ఉంది.

"గిదేంది? మా గ్లాసొచ్చే యాళ్లకు తప్పించుకుంటివా? బాగుండదని ముందే తెలుసా?"

"తెల్వదు. నేను రుచి చూడలే."

"ఎందుకు చూడలే? ఎంతమంది బాగుందన్నా నాకెక్కదు. నువ్వు అనాలె, అంకితా."

"పేరు దాచినా వాసనకే మీ గ్లాసని పట్టేస్త. పట్టినంక సక్కగ మార్కులెయ్యలేను."

"నిరుడు మొహం మీదనే అంటివి గద?"

"నిరుడు నువ్వెవరో నాకు తెల్వదు." ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "జడ్జీలకు రూలున్నది. మనోళ్ల సరుకుంటే కూసోవద్దు. పొద్దుగాల మేనేజర్‌కు చెప్పి తప్పుకున్న."

"మనోళ్లా? నీకు మాకు ఏం చుట్టరికం?"

"ఆయన గూడ గదే అడిగిండు." అంకిత చూపు వాన మీదికి తిప్పుకుంది. "ఇంకా కాలేదు సార్, అయ్యేటట్టున్నది అని చెప్పిన."

వీరేశ్ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. సంతోషంతో ఏడుపొచ్చేలా ఉంది. "నాకు చెప్పకముందే మేనేజర్‌కు చెప్పినవా?" అన్నాడు.

"నువ్వు చెప్పేదాక ఆగితే పండు మురుగుతది."

అంతలో చంద్రప్ప తలుపు తోసుకొని వచ్చాడు. "మనకు రెండో ప్రైజొచ్చిందిరా! ఇగ తీగెలు పీకేది లేదు!"

"అప్పా, అంకిత వాళ్ల నాయినతోని మాట్లాడాలె."

"దేనికి? పండు గురించా?"

"చుట్టరికం గురించి."

చంద్రప్ప కొడుకునీ, తలవంచుకున్న పిల్లనీ మార్చి మార్చి చూశాడు. "మీ అమ్మ ఎప్పుడో అన్నది. నేనే నమ్మలే," అని నవ్వాడు. అంతలోనే పరేషానయ్యాడు. "గట్లయితే వచ్చే ఏడు మన గ్లాసుకు మార్కులెవరేస్తరు?"

"ఎవరన్న ఎయ్యనీ మామా," అంది అంకిత. "నేనైతే ఇగ ఎన్నటికి ఎయ్య."